నిడుబ్రోలు మొదలు హజారీబాగు వఱకు: ఆచార్య రంగా రాజకీయ జీవితము

ఝార్ఖండు రాష్ట్రములోని జంషెడ్‌పూరునందు తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారములో పనికై వచ్చినవారు. అట్టి కుటుంబమునకు చెందిన ఒక వృద్ధునితో కొన్నేండ్ల క్రిందట సంభాషించుచుండగా ఆయన 1962నాటి ఎన్నికలను గూర్చి చెప్పుచు, రామగఢ రాజా పేరును, ఆచార్య రంగా పేరును ఒక్క గుక్కలో పలికెను. ఇరువురును స్వతంత్ర పక్షమువారే కావున ఆయనకు అందులో వింత ఏమియు తోచలేదు. నాకు మాత్రము తోచినది. ఒకరు ఛోటానాగపురములో పెద్ద జమీందారు. వేఱొకరు జమీందారీలను రద్దుచేయించుటకై ఇరువదేండ్లు ఊరూర తిరిగిన రైతు నాయకుడు. ఈ ఇరువురును ఒకే జెండా క్రిందికి ఎట్లు వచ్చిరి? ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఒక దేశ రాజకీయములలో మితవాదము చిరకాలము నిలుచుటకు గల కారణములను వెదకువారు సాధారణముగా పక్షముల చరిత్రను, ఎన్నికల లెక్కలను పరిశీలింతురు. జపాను దేశమును తీసికొన్నచో ఆ పద్ధతి కొంతవఱకు చాలును. అచ్చట 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రటిక్ పక్షము తరువాతి ఏడు దశాబ్దములలో అత్యధిక కాలము పాలించినది. కాని ఆ పక్షము పుట్టకమునుపే, యుద్ధానంతరము 1946 మొదలుగా జరిగిన భూసంస్కరణ, కౌలుదారులను భూస్వాములుగా మార్చివైచినది. సొంత పొలము చేతికి వచ్చిన చిన్నరైతు ఆ పక్షమునకు పట్టుకొమ్మ అయ్యెను. భారతదేశములో కథ వేఱు. ఇచ్చట ఆస్తిహక్కును బాహాటముగా జెండాపై వ్రాసికొన్న పక్షము పదునైదేండ్లకే అంతరించెను. అది కోరిన ముఖ్య విషయములు మాత్రము నిలిచిపోయినవి. ఈ వైచిత్రిని ఒక్క మనుష్యుని జీవితములో చూడగోరినచో రంగాగారి జీవితముకంటె తగినది వేఱొకటి లేదు.

ఇచ్చట ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. మితవాదము అను పదమును తెలుగు పత్రికలు ఇరువదవ శతాబ్ది ఆరంభమున గోఖలే అనుయాయులకు వాడినవి. తరువాత అదే పదమును ఆస్తి సంరక్షణ పక్షములకు వాడుట అలవాటైనది. దక్షిణ పక్షమనుట ఫ్రెంచి శాసనసభలో ఆసనముల క్రమమునుండి వచ్చినది. తెలుగులో అది అంతగా నాటుకొనలేదు. ప్రభుత్వ యాజమాన్యమునకు ఎదురుగా సొంత ఆస్తిని నిలుపు రాజకీయము అను అర్థములోనే ఈ పదమును ఇచ్చట గ్రహింపవలెను.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. కృష్ణానదిపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత ఆ డెల్టా గ్రామములలో వరి పండినది, వరితోపాటు చదువును పండినది. జమీందారుకు గాక సర్కారుకు నేరుగా శిస్తు కట్టు రైత్వారీ పద్ధతి అచ్చటిది. తన పొలమునకు తానే యజమాని, తన గ్రామమునకు తానే పెద్ద అను భావముతో పెరిగిన రైతు కుటుంబములు అవి. రంగాగారి తరువాతి ఆలోచన యంతయు ఈ నేలలోనే మొలకెత్తినదని నా అభిప్రాయము. గుంటూరులో చదివి, ఇంగ్లండు వెళ్లి, ఆక్సుఫర్డులో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టము పొందిరి. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. ఆ ఆచార్య శబ్దము పిమ్మట ఇంటిపేరువలె వారికి అంటుకొనిపోయినది. ఆంధ్ర గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చి వారు ఆ దినములలో చేసిన పరిశోధన నేటికిని చరిత్రకారులకు పనికివచ్చుచున్నది.

1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. అప్పటినుండి నడుమ కొద్దిపాటి విరామములతో 1991 వఱకు వారు ఏదో ఒక చట్టసభలో సభ్యులుగా ఉండిరి. ఉపన్యాస వేదికకంటె రైతు సంఘమే వారికి ఎక్కువ ప్రీతి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును స్థాపించి గ్రామములనుండి యువకులను రప్పించి, శిస్తు లెక్కలనుండి ప్రపంచ చరిత్ర వఱకు బోధించిరి. ఆ విద్యాలయములో తయారైనవారిలో కొందఱు కాంగ్రెసులోను, కొందఱు కమ్యూనిస్టు పక్షములోను నాయకులైరి. శ్రీకాకుళ ప్రాంతమునకు చెందిన గౌతు లచ్చన్న వారి శిష్యులలో ముఖ్యుడు. హరిజన నాయకుడు అను పేర రంగాగారు ఒక నవలను గూడ వ్రాసిరి. సాహిత్య చరిత్రలలో దానికి దక్కవలసినంత స్థానము దక్కలేదు. కళగా అది ఎట్టిదైనను, ఆ కాలమున ఒక కమ్మ రైతుబిడ్డ ఆ వస్తువును చేపట్టుట గమనింపదగినది.

1930ల దశాబ్దము వారి జీవితమున వెలుగునిండిన ఘట్టము. మద్రాసు రాజధానిలోని జమీందారీ గ్రామములలో రైతుల స్థితి డెల్టా రైతు స్థితివంటిది కాదు. అడవిలో కట్టె కొట్టుటకు, చెఱువు నీటికి, పశువుల మేతకు గూడ ఎస్టేటు ఉద్యోగుల దయ కావలసియుండెడిది. వేంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనలో రంగాగారు నాయకత్వము వహించిరి. 1935లో దక్షిణ భారత రైతు, వ్యవసాయ కార్మిక సమాఖ్య ఏర్పడినపుడు వారు ప్రధాన కార్యదర్శి, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదు సహ కార్యదర్శి. సంఘము పేరులో రైతుతోపాటు వ్యవసాయ కార్మికుడును ఉండెననుట మఱువరాదు. 1936 ఏప్రిలులో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ పుట్టెను. అధ్యక్షులు బీహారునకు చెందిన సహజానంద సరస్వతి స్వామి. ప్రధాన కార్యదర్శి రంగాగారు. రెండేండ్లకు, 1938లో, ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురమునుండి బయలుదేఱి తొమ్మిది జిల్లాలగుండ 130 దినములు, 1,500 మైళ్లు నడచి, త్రోవలో వందలకొలది సభలు జరిపి, వేయికి మించిన అర్జీలు సేకరించిరి. అంతటి పాదయాత్ర అంతకుమున్ను తెలుగునాట జరిగియుండలేదు.

సహజానందులును రంగాగారును అప్పుడు ఒకే బండికి కట్టిన రెండెడ్లవలె ఉండిరి. ఇరువురికిని శత్రువు జమీందారు. అయితే బీహారులో జమీందారీ పద్ధతి దాదాపు సర్వత్ర వ్యాపించియుండెను. గుంటూరులో అది అరుదు. ఈ భేదము చిన్నదిగా కనిపించినను, జమీందారు పోయిన తరువాత ఏమి అను ప్రశ్నకు ఇరువురు చెప్పు సమాధానమును ఇదియే వేఱుచేసెను.

1940లో సహజానందులు నిర్బంధితులై హజారీబాగు కారాగారమున ఉండిరి. అచ్చట వారు వ్రాసిన గ్రంథములలో ఖేత్ మజ్దూర్ అనునది ఒకటి. అనగా పొలము కూలి. రైతు సంఘము భూమి కలవాని సంఘముగా నిలిచిపోరాదను దిశకు స్వామి ఆలోచన ఆనాటికే మరలినది. రంగాగారి ఆలోచన అటు మరలలేదు. కమ్యూనిస్టులు కిసాన్ సభను వశపఱచుకొనుచుండగా, యుద్ధకాలమున వారి విధానముతో పొసగక రంగాగారు ఆ సభనుండి తొలగిరి. 1945లో స్వామియు వారితో తెగతెంపులు చేసికొని, 1950లో కాలధర్మము నొందిరి.

భాషాధ్యయనము చేయువారు ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. రైతు అను మాట అరబ్బీ మూలమునుండి పారసీకముద్వారా మనకు వచ్చినది. మూలమున దానికి ప్రజ, పాలితుడు అని అర్థము. తెలుగులో అది సాగు చేయించువానికిని, సాగు చేయువానికిని, రెండెకరముల వానికిని, రెండువందల ఎకరముల వానికిని ఒకే తీరున వర్తించినది. వర్తింపనిది ఒక్క కూలికి మాత్రమే. పాలేరును ఎవ్వరును రైతు అనరు. కౌలుదారును సందర్భమునుబట్టి అనవచ్చును, అనకపోవచ్చును. జమీందారు ఎదుట నిలిచినంతకాలము ఈ పదములోని అస్పష్టత బలమే అయ్యెను. అందఱును దానిలో ఇమిడిరి. జమీందారు తొలగిన మఱునాడు ఆ పదము లోపలి గోడలు బయటపడినవి.

మద్రాసులో 1948నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతోను, బీహారులో 1950నాటి భూసంస్కరణల చట్టముతోను జమీందారీ వ్యవస్థ చట్టరీత్యా ముగిసినది. బీహారు చట్టమును పాట్నా హైకోర్టు 1951లో కొట్టివేయగా, దానిని నిలుపుటకు రాజ్యాంగమునకే మొదటి సవరణ అవసరమయ్యెను. సుప్రీం కోర్టు 1952లో తీర్పు చెప్పినది. నాడు కోర్టులకెక్కినవారిలో రామగఢ రాజా కామాఖ్య నారాయణ సింగ్ ఒకడు. 1916లో జన్మించిన ఈయన ఎస్టేటు హజారీబాగు జిల్లాలో అత్యధిక భాగమున వ్యాపించియుండెను. కోర్టులో ఓడినను ఎన్నికలలో ఆయన ఓడలేదు. ఆయన స్థాపించిన ఛోటానాగపుర సంథాల పరగణాల జనతా పక్షము 1952లో బీహారు శాసనసభలో 11 స్థానములు, 1957లో 23 స్థానములు గెలిచెను. జమీందారీ అడవులు ప్రభుత్వపరము కాగా, పల్లెలవారికి దొర పోయి ఫారెస్టు గార్డు వచ్చెను. పాత యజమానిపై కోపముకంటె క్రొత్త యజమానిపై కోపము బలీయమైన చోట, పాత యజమానికే ఓట్లు పడుట ఆశ్చర్యము కాదు.

అదే కాలమున రంగాగారు కాంగ్రెసులో ఒంటరి అగుచుండిరి. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడి, కాంగ్రెసును విడిచి, కృషికార్ లోక్ పక్షమును స్థాపించిరి. ఈ ఓటమిలో సిద్ధాంతమెంత, రెడ్డి-కమ్మ కుల స్పర్ధ ఎంత అని విడదీయుట కష్టము. రెండవదే ఎక్కువయని పలువురు తలతురు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికలు ఈ చీలికను తాత్కాలికముగా అతికించినవి. కమ్యూనిస్టులు అధికారమునకు వత్తురేమోయను భయముతో కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపక్షములు కూటమి కట్టెను. 196 స్థానములలో కాంగ్రెసునకు 119, కృషికార్ లోక్ పక్షమునకు 22 వచ్చెను. కమ్యూనిస్టులకు 15 మాత్రమే మిగిలినవి. తెలుగునాట భూమి కలవారి ఓటు ఒక్కటైనచో ఏమగునో ఆ ఎన్నికలు చూపినవి. రంగాగారు తిరిగి కాంగ్రెసులో చేరి, 1957లో తెనాలినుండి లోక్‌సభకు వెళ్లిరి.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార సమష్టి వ్యవసాయమును తీర్మానించెను. పొలముల గట్లు చెరపి అందఱు కలిసి సేద్యము చేయుట, పంటలో భూమి వాటాను బట్టియు, శ్రమను బట్టియు పంచుకొనుట దానిలోని సారాంశము. యాజమాన్యపు హక్కు పోదని చెప్పినను డెల్టా రైతు నమ్మలేదు. రంగాగారు దీనిని తమ జీవితకార్యముపై గొడ్డలిపెట్టుగా భావించి కాంగ్రెసును మరల విడిచిరి. ఆ యేటి జూన్ మాసమున మద్రాసులో రాజగోపాలాచారి ప్రకటించిన స్వతంత్ర పక్షమునకు రంగాగారే తొలి అధ్యక్షులైరి. రాజాజీ, మీనూ మసానీ వంటివారు పర్మిట్-లైసెన్సు పరిపాలనను వ్యతిరేకించువారు. పక్షమునకు మేధస్సు వారిది, ధనము కొంత పారిశ్రామికులది. అది బొంబాయి ధనవంతుల గుంపు కాదు, రైతుల పక్షము అని లోకమునకు చూపుటకు రంగాగారి ముఖము కావలసివచ్చెను. 1968 వఱకు వారు ఆ పదవిలో ఉండిరి.

పక్షపు ప్రథమ మహాసభ 1960 మార్చిలో పాట్నాలో జరిగెను. పాట్నాకు చేరువనున్న బిహటాలో సహజానందుల ఆశ్రమము ఉండెను. కిసాన్ సభ ప్రధాన కార్యదర్శిగా ఒకప్పుడు బీహారు రైతుల ఎదుట జమీందారీని నిరసించిన వ్యక్తి, రామగఢ రాజా బలముతో నిలిచిన రాష్ట్ర శాఖకు ఇప్పుడు అఖిల భారతాధ్యక్షుడు. దీనిని అవకాశవాదమని కొట్టివేయుట సులభము. నేను అట్లనను. రంగాగారి దృష్టిలో జమీందారు ఆనాటికి మృతుడు. బ్రతికియున్న ప్రమాదము ప్రభుత్వము. రాజాయును తన నష్టమును ప్రభుత్వమువలననే పొందెను. శత్రువు ఒక్కడగుటచే మిత్రులైరి. లక్ష్యము ఒక్కటి కాదు.

1962 ఎన్నికలలో బీహారు శాసనసభయందు స్వతంత్ర పక్షము 50 స్థానములు గెలిచి ప్రధాన ప్రతిపక్షమయ్యెను. హజారీబాగు లోక్‌సభ స్థానము రాజా తమ్ముడు వసంత నారాయణ సింగ్‌కు దక్కెను. ఆంధ్రప్రదేశములో పక్షమునకు 19 స్థానములే వచ్చెను. రంగాగారు స్వయముగా తెనాలిలో ఓడిరి. రైతు నాయకుని సొంత సీమలో పక్షము ఓడి, జమీందారు సీమలో గెలిచినదన్నమాట. విధి పరిహాసమువలె, చిత్తూరు సభ్యుడు అనంతశయనము అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లగా ఏర్పడిన ఖాళీలో, ఉప ఎన్నికద్వారా రంగాగారు మరల లోక్‌సభ చేరిరి.

రాజా బలము అద్దె ఇల్లువంటిదని త్వరలోనే తేలెను. 1964 నాటికి ఆయన పక్షమును విడిచిపోయెను. 1967లో బీహారున స్వతంత్ర పక్షమునకు వేళ్లమీద లెక్కింపదగినన్ని స్థానములే మిగిలినవి. ఒడిశా, రాజస్థాన్, గుజరాతులలో సంస్థానాధిపతులు, స్థానిక ప్రముఖులు నిలిచినచోట అది నిలిచెను. ఆ యేడు లోక్‌సభలో 44 స్థానములు, ఆంధ్ర శాసనసభలో 29 స్థానములు వచ్చెను. అది పక్షమునకు అత్యున్నత దశ. లచ్చన్న తాను గెలిచిన శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును వదలి, తన గురువును అచ్చటనుండి ఎన్నిక చేయించెను.

ఆ 1967వ సంవత్సరముననే, అక్టోబరు 31న, అప్పటి శ్రీకాకుళము జిల్లా ఏజెన్సీలోని లేవిడి గ్రామమునొద్ద ఇరువురు గిరిజనులు కాల్చి చంపబడిరి. పిమ్మట చెలరేగిన పోరాటమునకు మూలము వడ్డీ వ్యాపారులకును, మైదానపు భూస్వాములకును చేజాఱిన గిరిజన భూములు. రంగాగారి సిద్ధాంతమున ఈ సమస్యకు చోటు లేదు. సొంత భూమిపై సంపూర్ణ హక్కు, అమ్ముకొను హక్కు, ప్రభుత్వము చేయి పెట్టని హక్కు అని వారు కోరిరి. గిరిజనునికి కావలసినది సరిగా దీనికి విరుద్ధము: తన భూమి ఇతరులకు అమ్ముడుపోకుండ ప్రభుత్వము అడ్డుపడుట. జంషెడ్‌పూరు ఉన్న సింగ్‌భూమి నేలలో ఈ సంగతి ఎప్పుడో తెలిసినది. బిర్సా ముండా తిరుగుబాటు తరువాత వచ్చిన 1908నాటి ఛోటానాగపుర కౌలుదారీ చట్టము ఆదివాసి భూమి చేతులు మాఱుటను నిరోధించినది. ఆంధ్ర ఏజెన్సీలో 1959నాటి నిబంధనను 1970లో కఠినతరము చేసి, గిరిజనేతరులకు బదలాయింపును పూర్తిగా నిషేధించిరి. స్వేచ్ఛగల సొంతదారు అను డెల్టా ఆదర్శము కొండలలో దోపిడికి దారి అగునని, దానిని అంత గట్టిగా నమ్మిన రంగాగారు గమనించినట్లు వారి రాజకీయములో కనబడదు. వారి జీవితములో నాకు కొఱతగా తోచునది ఇది, కూలిని గూర్చిన మౌనము; ఈ రెండే.

1971లో ఇందిరాగాంధి ప్రభంజనమున స్వతంత్ర పక్షమునకు 8 లోక్‌సభ స్థానములు మిగిలెను. శ్రీకాకుళములో రంగాగారు ఓడిరి. 1974లో పక్షము భారతీయ లోక్‌దళములో లీనమయ్యెను. అప్పటికే రంగాగారు కాంగ్రెసునకు తిరిగివచ్చియుండిరి. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరునుండి కాంగ్రెసు సభ్యులుగా గెలిచిరి.

ఓడినవాడు తిరిగి ఇంటికి వచ్చెనని దీనిని చదువుట పొరపాటు. నాగపూరు తీర్మానము కాగితముపైననే నిలిచిపోయినది. కాంగ్రెసు ఏలిన ఏ రాష్ట్రమును గట్లు చెరపుటకు సాహసింపలేదు. 1964నాటి పదునేడవ సవరణ రైత్వారీ భూములను గూడ భూసంస్కరణల పరిధిలోనికి తెచ్చినపుడు రంగాగారును వారి పక్షమును తీవ్రముగా ఎదిరించిరి; సవరణ నెగ్గినది గాని, ఆంధ్రమున 1961, 1973 నాటి భూపరిమితి చట్టముల అమలు ఎట్లు సాగినదో అందఱెఱిగినదే. వ్యవసాయపు ఆదాయమునకు కేంద్రపు ఆదాయపన్ను నేటికిని లేదు. ఆస్తిహక్కు 1978లో ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగినను పొలము గట్టు కదలలేదు. భూమి కలవారికి వేఱు పక్షము అక్కఱలేకపోయినది. ఏలు పక్షమే వారిదైనది. తెలుగునాట తరువాత ఏ పక్షము వచ్చినను ఈ ఒప్పందమును త్రోసిపుచ్చలేదు. జపానులో ఒక పక్షము చేసిన పనిని ఇచ్చట పక్షములన్నియు పంచుకొని చేసినవి. రంగాగారు తిరిగి చేరునాటికి కాంగ్రెసు రంగాగారి వద్దకు చేరియుండెను.

హజారీబాగు చరిత్ర మఱియొక త్రోవ పట్టినది. కామాఖ్య నారాయణ సింగ్ 1970లో మరణించెను. వసంత నారాయణ సింగ్ 1977లో జనతా పక్షమున గెలిచెను. 1998 మొదలు 2024 వఱకు జరిగిన లోక్‌సభ సార్వత్రిక ఎన్నికలలో, కమ్యూనిస్టులు గెలిచిన 2004 తప్ప, ఆ స్థానము భారతీయ జనతా పక్షమునకే దక్కుచున్నది. రాజా వారసత్వమే ఇదియని తేల్చివేయరాదు. సంఘ సంస్థల దీర్ఘకాలపు కృషి, అయోధ్య ఉద్యమము, వనాంచల నినాదము, ఇవన్నియు నడుమ వచ్చినవి. అయినను కాంగ్రెసునకు ఎదురుగా ఓటు వేయుటకు 1952నాటికే అలవాటుపడిన నేల అది. గుంటూరులో అట్టి అలవాటునకు అవసరము కలుగలేదు. అచ్చటి రైతు ఏలు పక్షములోనే కూర్చుండెను.

1991లో భారత ప్రభుత్వము రంగాగారిని పద్మవిభూషణ బిరుదముతో సత్కరించెను. ఆ యేడే వారి చట్టసభా జీవితము ముగిసినది. 1995 జూన్ 9వ తేదీన వారు పరమపదించిరి. మఱుసటి యేడు ఆంధ్రప్రదేశ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. జంషెడ్‌పూరు వృద్ధుడు ఆ సంగతి నాతో చెప్పి, తన తండ్రి సోంపేట ప్రాంతమున పాలేరుగా ఉండి, ఆ పని విడిచి బండి ఎక్కెనని గూడ చెప్పెను.